ఐపీ పెట్టిన మనిషికి ట్యాక్స్ రీఫండు వస్తే: ముట్టుకునే ముందు పడాల్సిన జాగ్రత్తలు

జూలై వచ్చిందంటే రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురంలో ఉన్న మన తెలుగువాళ్ల ఇళ్లలో రిటర్నుల హడావిడి మొదలవుతుంది. వేసిన కొన్నాళ్లకు కొందరికి రీఫండు పడుతుంది. ఐపీ (అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే దివాలా పిటిషన్) పెట్టి, కోర్టు దివాలా ఆర్డరు ఇచ్చి, ఇంకా డిశ్చార్జి (బాకీల నుంచి కోర్టు ఇచ్చే విడుదల) రాని వాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ సీజన్ రాకముందే ఇది చదివి వినిపించండి.

మా అక్క భర్త రాయగడలో చిన్న కాంట్రాక్టరు. కల్వర్టులు, ప్రహరీ గోడలు కట్టేవాడు. బిల్లులు ఆగిపోయి, సిమెంటు షాపు బాకీ, చేబదుళ్లు, వడ్డీలు అన్నీ ఒక్కసారి మీదపడి ఐపీ పెట్టాల్సి వచ్చింది. ఆర్డరు అయిన ఏడాదికి ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. ఖాతాలో 42,000 పైచిలుకు పడింది. ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇవి మన డబ్బులేనేటి బావా?" అన్నాడు. ఇంట్లో ఆ వేళకి గ్యాస్ బండకు కూడా వెతుక్కుంటున్నారు. "ఇంకా కాదు బావా" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ చెప్పాల్సింది అదే.

ముందు ఆ డబ్బు ఎక్కడిదో చూద్దాం. కాంట్రాక్టరు బిల్లు చెల్లించేటప్పుడు వ్యక్తులకైతే 1 శాతం టీడీఎస్, అంటే ముందస్తు పన్ను, కోస్తారు. 42 లక్షల బిల్లులకు 42,000. ఈ కోత మొత్తం బిల్లు మీద, లాభంతో దానికి పనిలేదు. నష్టం వచ్చిన ఏడాదిలో పన్నే ఉండదు కనుక, రిటర్ను వేస్తే కోసిందంతా వెనక్కి వస్తుంది. అందుకే వ్యాపారం మునిగిన మనిషికే రీఫండు వచ్చే అవకాశం ఎక్కువ. ఐపీ కాగితాల్లో ఆస్తులు రాసేటప్పుడు ఇల్లు, బండి, బంగారం గుర్తుంటాయి గానీ ఇది ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడు ఐపీ పెట్టబోతున్న వాళ్లు ఫారం 26ఏఎస్ (మన పాన్ మీద కోసిన పన్ను లెక్క) తీసి, రావాల్సిన రీఫండును కూడా ఆస్తుల జాబితాలో రాయించండి.

2016లో వచ్చిన కొత్త దివాలా కోడ్‌లో వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకు మాత్రమే అమల్లోకి వచ్చింది. ఒడిశాలో అలాంటివాళ్ల కేసులు కటక్‌లోని ఎన్‌సీఎల్‌టీ అనే ట్రిబ్యునల్‌కు వెళ్తాయి. మనలాంటి చిన్న వ్యాపారులకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. దాని 28వ సెక్షన్ ప్రకారం ఆర్డరుతో మన ఆస్తి కోర్టు చేతికో, దాన్ని చూసుకోవడానికి కోర్టు పెట్టిన రిసీవరు చేతికో వెళ్తుంది. ఆర్డరు తర్వాత, డిశ్చార్జి కాకముందు కొత్తగా వచ్చిన ఆస్తి కూడా అంతే. పైగా ఆర్డరు ఎప్పుడు వచ్చినా లెక్క పిటిషన్ వేసిన రోజు నుంచే. వంటపాత్రలు, కట్టుబట్టలు, చేతిపని వాళ్ల పనిముట్లు, పీఎఫ్ లాంటివి జప్తుకు అందవు. ట్యాక్స్ రీఫండు ఆ జాబితాలో లేదు.

మన వైపు "ఐపీ పెట్టేశాడు, ఇంక బాకీల్లేవు" అంటుంటారు. ఈ మాట చాలామందిని ముంచింది. పిటిషన్, ఆర్డరు, డిశ్చార్జి మూడూ వేరు. డిశ్చార్జి కోసం మనమే, కోర్టు చెప్పిన గడువులో, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. గడువు దాటితే దివాలా ఆర్డరే రద్దవుతుంది, బాకీలవాళ్లు మళ్లీ గుమ్మంలో ఉంటారు.

ఇక ఆ రాత్రి బావ పడిన వేదన చెప్పాలి. ఆయనకు మేనమామ ఒకాయన నోటు కూడా రాయించుకోకుండా 40,000 ఇచ్చాడు. కూతురి పెళ్లికి దాచుకున్న డబ్బు. "మిగతావాళ్లంతా వడ్డీ తిన్నవాళ్లే, మావయ్య బాకీ ఒక్కటీ తీర్చేస్తే నాకు నిద్రపడుతుంది" అన్నాడు. మంచి మనసుతో అన్న మాటే. కానీ దివాలా ఆర్డరు అయ్యాక మన ఇష్టం వచ్చిన వాళ్లకు ముందు ఇచ్చే హక్కు మనకు లేదు. వచ్చినది రిసీవరు చేతుల మీదుగా, చట్టం చెప్పిన వరుసలో, మామూలు బాకీలవాళ్లకు వాళ్ల వాటా ప్రకారం పంచాలి. మావయ్య పేరు బాకీల షెడ్యూలులో లేకపోతే చేర్పించడమే ఆయనకు మనం చేయగల న్యాయం. బావ అదే చేశాడు. దాచిపెట్టి ఇచ్చి, అది తర్వాత బయటపడితే 69వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు ఉంటుంది. డిశ్చార్జి కూడా చిక్కుల్లో పడుతుంది.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ చెప్పరు. డిశ్చార్జి ఇచ్చేటప్పుడు కోర్టు చూసే వాటిలో ఒకటి, తాకట్టు లేని బాకీల్లో రూపాయికి 8 అణాలకైనా, అంటే సగానికైనా, సరిపడా ఆస్తి ఉందా అని. లేకపోతే, అది మన తప్పు వల్ల జరగలేదని మనం నమ్మించాలి. అప్పగించిన రీఫండు ఆ లెక్కలో చేరుతుంది, మన నిజాయితీకి కాగితం మీద రుజువుగానూ నిలుస్తుంది.

మెసేజీ వచ్చిన రోజే చేయాల్సింది ఇది. డబ్బు కదపకండి. ఇన్‌కమ్‌ట్యాక్స్ శాఖ ఈమెయిల్‌లో పంపిన ఇంటిమేషన్ (రిటర్ను లెక్క తేల్చిన కాగితం) తెరవండి. దాని పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్ నంబరు, వెంటనే పుట్టిన తేదీ. లోపల రెండు వరుసలుంటాయి, ఒకటి మనం రాసింది, రెండోది వాళ్లు లెక్కగట్టింది. ఏ సంవత్సరానిదో, అందులో వడ్డీ ఎంతో చూడండి. రీఫండు మీద నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు, వచ్చే రిటర్నులో దాన్ని ఆదాయంగా చూపాలి. 26ఏఎస్‌లో ఉన్న టీడీఎస్ నిజంగా మీ బిల్లులదేనా అన్నది కూడా సరిచూడండి. పొరపాటున ఎక్కువ వచ్చి ఉంటే శాఖ వడ్డీతో వెనక్కి అడుగుతుంది.

తర్వాత రిసీవరుకు ఉత్తరం. ఐపీ నంబరు, పాన్, ఏ సంవత్సరపు రీఫండు, ఎంత, ఏ తేదీన ఏ ఖాతాలో పడింది, ఇవి చాలు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. రిసీవరు లేకపోతే ప్లీడరు గారి ద్వారా కోర్టులో మెమో వేయండి. డబ్బు వాళ్లు చెప్పిన పద్ధతిలో డీడీగానో ఖాతాకో ఇచ్చి రసీదు తీసుకోండి. ఎంత తెలిసినవాళ్లయినా చేతికి నగదు ఇవ్వద్దు. ఇంటి ఖర్చుకు అందులో కొంత కావాలంటే ఆ మాట కూడా ఉత్తరంలోనే అడగండి. అడగకుండా వాడుకోవద్దు.

పాత పన్ను బాకీ ఉంటే రీఫండును దానికి సర్దుబాటు చేస్తామని ముందు నోటీసు వస్తుంది. అందులో రాసిన గడువులోపే జవాబివ్వాలి. మనకు వచ్చే కాగితాలన్నీ ఇంగ్లిష్‌లోనో ఒడియాలోనో ఉంటాయి, తెలుగు మాత్రమే చదవగల పెద్దవాళ్లు వాటిని బీరువాలో పెట్టేసి ఊరుకుంటారు. దయచేసి పిల్లల చేతైనా ఆ రోజే చదివించుకోండి. ప్రభుత్వ బాకీ డిశ్చార్జితో కూడా పోదు, అది గుర్తుంచుకోండి.

మన ప్రాంతపు చిక్కు ఒకటుంది, పేర్లు. పాన్‌లో వెంకటరావు, బ్యాంకు పుస్తకంలో ఒడియా పలుకుబడితో బెంకటరావు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఖాతా మనదేనా అని సరిచూసే వాలిడేషన్ ఇక్కడే ఆగి రీఫండు వెనక్కి పోతుంది. పేరు సరిచేయించండి, కానీ ఖాతానే మార్చాలనుకుంటే ముందు రిసీవరుకు చెప్పండి, లేకపోతే దాచడానికి మార్చినట్టు కనిపిస్తుంది. అప్పున్న బ్యాంకులోనే ఆ ఖాతా ఉంటే, అప్పు కింద పట్టేసుకునే ప్రమాదం ఉందని కూడా ఉత్తరంలో రాయండి.

రీఫండు వచ్చిందని తెలియగానే మాటలు కలిపేవాళ్లు తయారవుతారు. బావ దగ్గరికి ఒక కుర్రాడు వచ్చి, లేని ఖర్చులు చూపించి ఇంకో 60,000 రప్పిస్తానని, తనకు పదో వంతు ఇమ్మన్నాడు. దివాలాలో ఉన్న మనిషి తప్పుడు రిటర్ను మీద సంతకం పెడితే ఆ సంతకం అతనిదే, కుర్రాడిది కాదు. లింకు నొక్కితే రీఫండు అనే మెసేజీలు మరీ ఎక్కువ. శాఖ ఎప్పుడూ ఓటీపీ, పిన్ అడగదు. మోసపోతే ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి. వస్తుందన్న రీఫండును చూపించి అప్పు తేవద్దు. డిశ్చార్జి కాని మనిషి ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు అప్పు తెచ్చినా ఆ పాత చట్టంలో నేరమే.

బావ మూడో రోజున డీడీ తీయించాడు. ముద్ర పడిన కాపీని, రసీదును పసుపు గుడ్డలో ఐపీ కాగితాలతో కలిపి మా అక్క కట్టి పెట్టింది. డిశ్చార్జి పిటిషన్ రాస్తూ ప్లీడరు గారు ఆ మూట విప్పించి మొదట తీసుకున్న కాగితాలు ఆ రెండే.