వైజాగ్‌లో డార్మిటరీ బెడ్డు బుక్ చేసే ముందు

కార్తీకం వెళ్ళిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా వైజాగ్‌లో రూమ్ దొరకడం కష్టం. అరకు చలికైనా, వంజంగి మబ్బులకైనా, లంబసింగి మంచుకైనా జనం ముందు దిగేది అక్కడే. డిసెంబర్ ఆఖరి వారం హోటల్ రేట్లు చూశాక మనసు డార్మిటరీల మీదికి పోతుంది. గదికి ఆరో ఎనిమిదో బెడ్లు, ఒకదాని మీద ఒకటి. మనిషికో లాకరు, అందరికీ కలిపి ఒకటో రెండో బాత్రూములు. వీటినే ఇప్పుడు హాస్టల్ అంటున్నారు. ఆ మాట విని మా అమ్మ "ఈ వయసులో హాస్టల్ ఏంట్రా" అంది. మంచివీ ఉన్నాయి, వాటిలో హాయిగా పడుకున్నాను కూడా. కిందటి డిసెంబర్‌లో నేనూ మా బావమరిదీ దిగింది మాత్రం అలాంటిది కాదు.

ముందు ఏరియా చూసుకోండి. "బీచ్‌కి దగ్గర" అని అందరూ రాస్తారు. ఏ బీచ్? ఆర్కే బీచ్, లాసన్స్ బే, రుషికొండ, భీమిలి అన్నీ ఆ తీరం వెంబడే ఉన్నాయి. రుషికొండ నుంచి రైల్వేస్టేషన్‌కి ఇంచుమించు పదిహేను కిలోమీటర్లు. అరకు వెళ్ళే కిరండూల్ పాసింజర్ పొద్దున్న ఏడు లోపే కదులుతుంది. చీకట్లో అంత దూరం ఆటో అంటే వాడు అడిగిందే రేటు. రైలెక్కేవాళ్ళు డాబాగార్డెన్స్, ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు చూసుకోవడం నయం. బండి అద్దెకు తీసుకుని భీమిలి రోడ్డులో తిరిగేవాళ్ళకి రుషికొండ బాగుంటుంది.

ఫొటోలు ఓపెనింగ్ రోజున తీసినవి. సముద్రం ఒడ్డున ఉప్పు గాలికి ఇనుప మంచాలు, లాకర్ గడియలు ఎంత తొందరగా తుప్పు పడతాయో అక్కడివాళ్ళని అడగండి. అందుకే రేటింగ్ ఎంతని కాదు, ఈ రెండు నెలల్లో ఎవరేం రాశారో చూడండి. "స్టాఫ్ చాలా మంచివాళ్ళు" అని ఊరుకుని బెడ్డు గురించి, నీళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదంటే అనుమానించాల్సిందే.

బుక్ చేసే ముందు ఒక్క ఫోన్ కొట్టండి. గాజువాక, అనకాపల్లి వైపు నుంచి పరీక్షకో ఇంటర్వ్యూకో వెళ్ళేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. "లోకల్ ఐడీ తీసుకోం" అని చాలా చోట్ల డబ్బు కట్టాక చెప్తారు. ఆధార్ ఫొటో ఎవరి సొంత నంబర్‌కో వాట్సాప్ చెయ్యమంటే, చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ వాళ్ళ సైట్‌లో దొరుకుతుంది. ఒరిజినల్ కార్డు కౌంటర్‌లో వదలకండి.

డబ్బు మాత్రం ముందే మొత్తం కట్టెయ్యకండి. వంద ఎక్కువైనా సరే, వెళ్ళాక కట్టేది, క్యాన్సిల్ చేసుకోగలిగేది తీసుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్దది కాకపోయినా, గట్టి వాన పడితే అరకు లైన్లో కొండచరియలు పడి రైళ్ళు ఆగుతాయి. ఇంకో కారణం, చేతిలో డబ్బున్నప్పుడే మన మాట చెల్లుతుంది. మేం వంద మిగుల్తుందని మొత్తం ఆన్‌లైన్‌లో కట్టేసి వెళ్ళాం.

వెళ్ళగానే బ్యాగు నేల మీదా, బెడ్డు మీదా పెట్టకుండా ఫోన్ టార్చ్ వెయ్యండి. దుప్పటి తెల్లగా ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. పరుపు మూల పైకెత్తి అంచు కుట్టు చూడాలి. మంచం చెక్క కలిసే చోట, గోడ వైపు సందులో చూడాలి. మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే అవి నల్లుల రెట్టలే. పగలు దాక్కుంటాయి కాబట్టి పురుగు కనపడకపోయినా చుక్కలు పట్టిస్తాయి.

మేం ఏదీ చూడలేదు. "ఇప్పుడే దుప్పట్లు మార్చాం సార్" అన్నాడు రిసెప్షన్ కుర్రాడు, నమ్మేశాం. రాత్రి పదకొండున్నరకి పై బెడ్డు నుంచి "బావా, ఏదో కుడుతోంది" అన్నాడు వీడు. "దోమలేరా, పడుకో" అన్నాను. పావుగంటకి నా మెడ మీదా మొదలైంది. లైటు వేసి చూస్తే దిండు పక్కన ఉలవగింజంతది ఒకటి, ఏ తొందరా లేకుండా నడుచుకుంటూ పోతోంది. నలిపితే ఆ వాసన రెండ్రోజులు పోలేదు.

కుర్రాడిని లేపాం. "సీజన్ కదా సార్, మందు కొట్టాలంటే రూమ్ ఖాళీ చెయ్యాలి. ఖాళీ ఎక్కడుంది?" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం. రద్దీ రోజుల్లో ఒకరు లేవగానే ఇంకొకరు పడుకుంటారు, నల్లులకి రోజూ విందే. వేరే బెడ్డు లేదు. ఓనర్ ఫోన్ స్విచాఫ్.

అంతకన్నా పెద్ద విషయం మూడింటికి తెలిసింది. వంజంగికి మాట్లాడుకున్న కారు బయట నిలబడి ఉంది. కింద షట్టర్‌కి తాళం. కుర్రాడు ఏ మూల పడుకున్నాడో తెలీదు. కిటికీలకి గ్రిల్స్, మెట్లు ఒకటే. ఇరవై నిమిషాలు తలుపులు కొట్టాక కళ్ళు నులుముకుంటూ తాళంచెవి వెతికాడు. ఆ ఇరవై నిమిషాల్లో మెట్ల కింద ఇన్వర్టర్ అంటుకుని ఉంటే? నల్లుల కన్నా నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది. కాలనీల్లో ఇళ్ళనే హాస్టళ్ళుగా మార్చిన చోట ఇది మామూలే. రాత్రి తాళం వేస్తారా, తాళంచెవి ఎక్కడుంటుంది, రెండో దారి ఉందా అని వెళ్ళగానే అడగండి. సరైన జవాబు రాకపోతే, ఎంత చవకైనా వెనక్కి తిరగండి. ఆడవాళ్ళు గది గడియతో పాటు బాత్రూమ్ గడియ కూడా స్వయంగా వేసి చూసుకోవాలి.

చిన్న చిన్నవి: సొంత తాళం పట్టుకెళ్ళండి. దాన్ని వేశాక లాకర్‌ని ఒకసారి గట్టిగా లాగండి, మాది గడియతో సహా చేతికొచ్చింది. బీచ్ పక్కన చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. పై బెడ్డుకి ప్లగ్ ఉండకపోవచ్చు, పవర్ బ్యాంక్ ఉంటే మంచిది.

ఏదైనా తేడా వస్తే తెల్లారేదాకా ఆగకండి. అప్పటికప్పుడు ఫొటోలు, వీడియో తీసి, బుక్ చేసిన యాప్‌లోనే రాతపూర్వకంగా కంప్లైంట్ పెట్టండి. ఖాళీ చేసి ఇంటికొచ్చి పెడితే "ఉన్నంతసేపు చెప్పలేదుగా" అంటారు. మాకూ అదే జవాబు వచ్చింది. యాప్ వాళ్ళు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఇంటికొచ్చాక బ్యాగు లోపలికి తేవద్దు. బట్టలు వేడినీళ్ళలో ఉతికి, బాగా ఎండనివ్వాలి. బ్యాగు అతుకులన్నీ తిరగేసి దులపాలి. మా ఆవిడ నన్ను గుమ్మంలోనే ఆపి, బ్యాగు డాబా మీద పెట్టించింది. సంక్రాంతి వెళ్ళినా అది కిందికి రాలేదు.