బండి కదిలే ముందు: సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగ్ జాగ్రత్తలు

☐ బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఆనాలి. గర్భిణులైతే పొట్టకి బాగా దిగువన. పై పట్టీ భుజం మధ్య నుంచి ఛాతీ మీదుగా రావాలి. మెడకి రాసుకుంటోందని చాలామంది దాన్ని చంక కిందికి తోసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, గుద్దుకుంటే పక్కటెముకలు విరుగుతాయి. మెలికలు సరిచేసి, ఒకసారి లాగి వదులు తీసేయండి. మందపాటి జాకెట్ ఉంటే విప్పేయడమే మేలు.

☐ స్టీరింగ్ మధ్యభాగానికీ ఛాతీకీ కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో విచ్చుకుంటుంది. బెల్టు మనిషిని పట్టి ఉంచితేనే అది మెత్తగా ఆపుతుంది. బెల్టు లేక ముందుకు తూలితే అదే గట్టి దెబ్బ.

☐ వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటుని, ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టొద్దు. ప్రాణాలకే ముప్పు. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడమూ వద్దు, ఎంత ఏడ్చినా సరే.

☐ డాష్‌బోర్డు మీద కాళ్లు, వస్తువులు వద్దు.

☐ కారు ఆన్ చేశాక ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే బ్యాగులు తెరుచుకోకపోవచ్చు, వెంటనే మెకానిక్‌కి చూపించండి.

☐ వెనక సీటు వాళ్లూ బెల్టు పెట్టుకున్నారా? చూశాకే గేరు వేయండి.