అక్టోబరులో గోల్స్ తిరగరాస్తున్నారా? మార్చికి కాదు, జనవరికి లెక్క వేయండి

ఏప్రిల్‌లో కంపెనీ పోర్టల్‌లో గోల్స్ (ఏడాది చివర రేటింగ్‌కు ఆధారమయ్యే పని లక్ష్యాలు) నింపేటప్పుడు చాలామంది పోయినేడాదివి తెరిచి, తేదీలు మార్చి, సబ్మిట్ నొక్కేస్తారు. అక్టోబరులో మిడ్-ఇయర్ రివ్యూ మెయిల్ వచ్చేదాకా మళ్లీ వాటి మొహం చూడరు. అప్పటికి ప్రాజెక్టు మారి ఉంటుంది, లేదా క్లయింటుకు కావలసింది మారి ఉంటుంది, ఒక్కోసారి మేనేజరే మారి ఉంటారు. ఏప్రిల్–మార్చి లెక్కన నడిచే ఐటీ సర్వీసుల కంపెనీల్లో పనిచేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. జనవరి–డిసెంబరు కంపెనీల్లో ఉన్నవాళ్లు ప్రతి తేదీనీ మూడు నెలలు ముందుకు జరుపుకుని, జులైలో మొదలుపెట్టి అక్టోబరు ఆఖరుకు ముగించేలా చూసుకుంటే సరి.

పాతవాటిని ముందు తేల్చండి

ఏప్రిల్‌లో రాసినవన్నీ ఒక కాగితం మీదికి దించండి. ఒక్కోదాని పక్కన మూడింట్లో ఒక గుర్తు పెట్టండి: నడుస్తోంది, చచ్చిపోయింది, ఎప్పుడూ నాది కాదు. మూడో రకం అంటే కంపెనీ అందరికీ ఒకేలా పంపేవి: ట్రైనింగులు పూర్తి చేయడం, టైమ్‌షీట్ వేళకు నింపడం లాంటివి. వాటిని అలాగే ఉండనివ్వండి, కానీ వాటి మీద ఆశ పెట్టుకోకండి. అవి చేయకపోతే మాట పడుతుంది గానీ, చేసినందుకు ఎవరికీ రేటింగ్ పెరగదు.

జాగ్రత్త పడాల్సింది చచ్చిపోయిన వాటి దగ్గర. ప్రాజెక్టు ఆగిపోయింది కాబట్టి ఆ గోల్ కూడా దానంతటదే పోతుందనుకుంటారు. పోదు. పోర్టల్‌లో అది మిగిలే ఉంటుంది, ఫిబ్రవరిలో దాని ఎదురుగా ‘పూర్తి కాలేదు’ అని పడుతుంది. అప్పుడు వివరణ ఇచ్చుకోవడం కంటే ఇప్పుడే మేనేజర్‌కు రెండు వాక్యాల మెయిల్ పంపి (ఏ పని, ఏ నెలలో, ఎవరి నిర్ణయంతో ఆగింది), పోర్టల్‌లో మూయించడం లేదా మార్పించడం తేలిక. మిడ్-ఇయర్ సమయంలో చాలా పోర్టళ్లలో ఎడిట్ చేసే వీలు కొన్నాళ్లే ఉంటుంది. తర్వాత హెచ్‌ఆర్ చుట్టూ తిరగాలి.

చేతిలో ఉన్నది 26 వారాలు కాదు, 13

అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా 26 వారాలు. గోల్స్ చాలావరకు దెబ్బతినేది ఈ లెక్క దగ్గరే, ఎందుకంటే రేటింగులు మార్చి 31న తేలవు. చాలాచోట్ల ఫిబ్రవరిలోనే సెల్ఫ్ అప్రైజల్ (మీ పనిని మీరే అంచనా వేసి రాసివ్వడం) అడుగుతారు. ఆ తర్వాత ఒకే స్థాయిలో ఉన్నవాళ్లందరి పేర్లూ ఒక షీట్‌లో పెట్టుకుని మేనేజర్లు పక్కపక్కన పోల్చి చూస్తారు. పై రేటింగులు ఇందరికే అని పరిమితి ఉన్నచోట మీ మేనేజర్ మీ కోసం వాదించాల్సి వస్తుంది, అందుకు ఆయనకు దొరికేది ఒకటి రెండు నిమిషాలు. మార్చిలో పూర్తయ్యే పని ఆ గదిలో లేనట్టే. కాబట్టి గడువు జనవరి 31.

అక్కడికి 123 రోజులు, అంటే పదిహేడున్నర వారాలు. అందులోంచి దసరాకు ఒక వారం, దీపావళికి సగం వారం, క్లయింటు వైపు ఎవరూ దొరకని క్రిస్మస్–న్యూ ఇయర్‌కు రెండు వారాలు, సంక్రాంతికి ఒక వారం తీసేయండి. (సంక్రాంతికి ఊరెళ్లి మూడో రోజునే లాప్‌టాప్ తెరుస్తామని అనుకునేవాళ్లు ఆ మాట ఇంట్లోవాళ్ల ముందు అని చూడండి.) మిగిలినవి 13. రోజువారీ పని కాకుండా వారానికి నిజంగా మిగిలేది నాలుగు గంటలు అనుకుంటే, మొత్తం 52 గంటలు.

ఆ 52లో పట్టేదే గోల్. పట్టనిది వచ్చే ఏప్రిల్‌కు.

రెండు చాలు

ఒకటి రేటింగ్ కోసం, ఒకటి మీ కోసం. రెంటికీ ఒకే పని సరిపోతే ఇంకా మంచిది.

రేటింగ్ గోల్ దొరికే చోటు టీమ్‌లో రోజూ విసిగించే పని. సపోర్ట్‌లో ఉంటే గత మూడు నెలల టికెట్లు (నమోదైన సమస్యలు, అభ్యర్థనలు) ఎక్సెల్‌లోకి దించి, ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. రాత్రి బ్యాచ్ జాబ్ ఆగిపోవడమో, డిస్క్ నిండిపోవడమో, యాక్సెస్ అడిగేవాళ్లో, ఏదో ఒకటి అన్నిటికంటే పైన ఉంటుంది. దాన్ని తగ్గించడమే గోల్. పని మొదలుపెట్టకముందే ఇప్పటి సంఖ్యను రాసి పెట్టుకోండి. ‘నెలకు 22 టికెట్లు’ అని ముందు రాసి లేకపోతే, తర్వాత తొమ్మిదికి దించినా నిరూపించడానికి ఏమీ ఉండదు.

మీ కోసం పెట్టుకునే గోల్‌కు నౌకరీలోనో లింక్డ్‌ఇన్‌లోనో మీ పై స్థాయి ఉద్యోగ ప్రకటనలు పది తీసుకోండి. అడిగిన నైపుణ్యాలన్నీ వరసగా రాసి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టండి. ఆరుసార్లకు మించి వచ్చి, మీ దగ్గర లేనిది ఏదో అదే. స్నేహితుడు నేర్చుకుంటున్నాడనో, యూట్యూబ్‌లో అందరూ అదే చెబుతున్నారనో ఎంచుకోవద్దు.

సర్టిఫికేషన్ గురించి మా అభిప్రాయం సూటిగా చెబుతాం: ప్రాజెక్టులో వాడకం లేని సర్టిఫికెట్‌కు రేటింగ్ మీటింగ్‌లో బరువు తక్కువ. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షనే చూడండి. 130 నిమిషాల్లో 65 ప్రశ్నలు, ఫీజు 150 డాలర్లు, పాస్ మార్కు వెయ్యికి 720, చెల్లుబాటు మూడేళ్లు. పని చేస్తూ చదివేవాళ్లకు మీ 52 గంటలూ దానికే అయిపోవచ్చు. తీసుకోవద్దని కాదు, తీసుకుంటే ఆ సర్వీసుల్లో ఒకటైనా మీ ప్రాజెక్టులో చేతులు పెట్టే పనితో కలిపి తీసుకోండి. ఫీజు కంపెనీ ఇస్తుందో లేదో, ఇస్తే పాసయ్యాకేనా, ముందే అనుమతి కావాలా అన్నది డబ్బు కట్టకముందే కనుక్కోండి.

రాసే తీరు

‘ఆటోమేషన్ నేర్చుకుంటాను’ అన్నది గోల్ కాదు, కోరిక. రిగ్రెషన్ కేసులు (కొత్త మార్పుల వల్ల పాతవి చెడలేదని చూసే పరీక్షలు) నడిపే ఒక టెస్టర్, వాటిని ఆటోమేట్ చేసే సెలీనియం టూల్‌తో దాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘ప్రతి రిలీజ్‌కు ముందు చేత్తో నడిపే 120 రిగ్రెషన్ కేసుల్లో ఎక్కువగా వాడే 30ని జనవరి 23 లోపు సెలీనియంలోకి మారుస్తాను. జనవరి రిలీజ్‌లో అవే నడుస్తాయి. చేత్తో చేసే పని మూడు రోజుల నుంచి రెండుకు తగ్గాలి.’

ఇది పడుతుందా? కేసుకు గంట చొప్పున 30 గంటలు, మొదట ఫ్రేమ్‌వర్క్ నిలబెట్టడానికి 10, రివ్యూలకు, దిద్దుబాట్లకు 6. మొత్తం 46. ఆరు గంటలు మిగిలాయి. ఆ మిగులు ఉండాల్సిందే. అందులోకి ఇంకో ఐదు కేసులు కలపాలనిపిస్తుంది, కలపకండి.

గోల్ కింద ఇంకో వరస రాయండి: ఇది పూర్తి కావడానికి నా చేతిలో లేనిది ఏది? టెస్ట్ సర్వర్ యాక్సెస్, టూల్ లైసెన్సు, క్లయింటు ఆర్కిటెక్ట్ అనుమతి. ఆగిపోయే గోల్స్‌లో ఎక్కువ భాగం సోమరితనం వల్ల కాదు, యాక్సెస్ టికెట్ నవంబరులో వేసినందువల్ల ఆగుతాయి. ఇవన్నీ మొదటి వారంలోనే అడిగేయండి.

మేనేజర్‌తో ఆ ఒక్క ప్రశ్న

రివ్యూ కాల్‌లో గోల్ చూపించి ‘ఓకేనా సర్?’ అని అడిగితే ‘ఓకే’ అనే వస్తుంది. దానికి విలువ లేదు. ఇలా అడగండి: ‘జనవరి చివరికి ఇది పూర్తయితే, రేటింగుల మీటింగ్‌లో నా గురించి దీన్ని మీరు చెప్పగలరాండీ? చాలదంటే ఇంకేం ఉండాలి?’ ఆయన తటపటాయిస్తే అది పనికొచ్చే సమాధానమే, గోల్ మార్చుకోవడానికి ఇంకా వేళ ఉంది. కాల్ అయిన రోజే అనుకున్నది నాలుగు వరసల్లో మెయిల్ చేసి, పోర్టల్‌లోనూ ఎక్కించండి.

వారం వారం నిలబెట్టడం

నాలుగు గంటలను రెండు ముక్కలు చేసి కేలెండర్‌లో మీటింగ్‌లా బ్లాక్ చేయండి. అమెరికా క్లయింట్లతో సాయంత్రం కాల్స్ ఉండే టీముల్లో పొద్దున తొమ్మిది నుంచి పదకొండు ప్రశాంతం, ఇంకా ఎవరూ పింగ్ చేయరు. శనివారానికి వాయిదా వేసుకున్న గోల్ పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ బలైపోతుంది.

ప్రొడక్షన్ సమస్య వచ్చి ఆ రెండు గంటలూ పోయే వారాలు ఉంటాయి. అలా జరిగితే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోండి: ‘మంగళవారం పోతే గురువారం పొద్దున చేస్తాను.’ ఇలా ‘ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను’ అని ముందే తేల్చుకున్నవాళ్లు ఎక్కువగా పూర్తి చేస్తారని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్సర్ పరిశోధనలు చూపించాయి. వరసగా రెండు వారాలు పోతే మాత్రం వెనకబడ్డదంతా ఒకేసారి అందుకోవాలని చూడకండి, మూడో వారం కూడా పోతుంది. 30 కేసులను 24 చేసి, ఆ సంగతి మేనేజర్‌కు అప్పుడే చెప్పండి. నవంబరులో తగ్గిస్తే ప్లానింగ్ అంటారు, జనవరిలో తగ్గిస్తే సాకు అంటారు.

శుక్రవారం పది నిమిషాలు తీసి మూడు వరసలు రాయండి: ఏం అయింది, దానికి రుజువు (టికెట్ నంబరు, మెయిల్ తేదీ), వచ్చే వారం ఏంటి. ఇది కంపెనీ లాప్‌టాప్‌లోనే ఉంచండి. క్లయింటు పేర్లు, కోడ్, స్క్రీన్‌షాట్లు సొంత జీమెయిల్‌కు పంపుకుంటే డేటా పాలసీ ఉల్లంఘన అవుతుంది, దాంతో ఉద్యోగాలు పోతాయి.

ఇంకొన్ని చిక్కులు

మధ్యలో మేనేజర్ మారితే, పాతాయన వెళ్లకముందే పోర్టల్‌లో ఫీడ్‌బ్యాక్ రాయించుకోండి. వెళ్లిపోయాక అడిగితే మొహమాటానికి రెండు ముక్కలు రాస్తారు, అంతే.

అసలు గోల్ కంపెనీ మారడమే అయితే లెక్క వెనక నుంచి వేయాలి. నోటీస్ పీరియడ్ 90 రోజులైతే ఏప్రిల్ 1న కొత్తచోట చేరడానికి జనవరి 1కి రాజీనామా పడాలి, కాబట్టి ఇంటర్వ్యూలు అక్టోబరు–డిసెంబరులోనే. వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే జీతం భాగం) వచ్చే రోజున ఇంకా కంపెనీ ఉద్యోగిగా ఉండాలన్న షరతు ఉందేమో ముందు చదవండి.

అమెరికాలో ఉండి గ్రీన్ కార్డ్ ప్రక్రియ నడుస్తున్నవాళ్లు ప్రమోషన్‌ను గోల్‌గా రాసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. పని స్వభావం బాగా మారిపోతే పెర్మ్ (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ తీసుకునే లేబర్ సర్టిఫికేషన్) మళ్లీ మొదటి నుంచి చేయాల్సి రావచ్చు.

జనవరి ఆఖరి వారంలో శుక్రవారం రాసుకున్న వరసలన్నీ తెరిచి, ఒక్కో గోల్‌కు మూడు వాక్యాలు తీయండి: ముందు ఎంత ఉంది, ఏం చేశారు, ఇప్పుడు ఎంత ఉంది. సెల్ఫ్ అప్రైజల్‌లో అవే పెట్టి, అవే మేనేజర్‌కు విడిగా మెయిల్ చేయండి. మీటింగ్‌కు ముందు హడావిడిలో ఆయన తన షీట్‌లోకి కాపీ చేసుకునేది ఆ మెయిల్‌లోంచే.