లాప్‌టాప్ స్లో అయిందని ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడుండ్రి

మా చెల్లె బీఈడీ చేస్తది, ఉండేది హన్మకొండల. ఆమె లాప్‌టాప్ ఆన్ చేసి పోయి చాయ్ పెట్టుకొని తాగి గిన్నె కడిగి వచ్చినా స్క్రీన్ మీద ఆ గుండ్రంది ఇంకా తిరుగుతనే ఉండేది. షాపుకు తీస్కపోతే ఫార్మాట్ కొట్టి ఇచ్చిన్రు, ఓ పది రోజులు మంచిగ నడిచింది, మళ్లా అదే కథ, రెండోసారి తీస్కపోతే మళ్లా ఫార్మాటే, ఈసారి ఆమె పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు కూడా పోయినయి. అప్పుడు నా దగ్గరికి తెచ్చి "అన్నా, ఇగ కొత్తది కొనుడేనా?" అన్నది. కొనే అవసరమే లేకుండె. అసలు రోగం ఏందో ఎవరూ చూడకుండనే మందు వేసిన్రు, నాకు బాధ అయింది అందుకే, ఇంత వివరంగ రాస్తున్న.

ముందుగాల ఒక చిన్న పని. స్టార్ట్ మెనూల షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టుండ్రి. విండోస్ 10, 11ల ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంటది, అది ఆన్ ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగ ఆగదు, లోపలి భాగాన్ని డిస్క్‌ల దాచుకొని మళ్ల అదే లేపుతది, అంటే రోజూ రాత్రి బంద్ చేస్తున్నం అనుకుంటం గని నెల రోజుల చెత్త అట్లనే ఉంటది. రీస్టార్ట్‌తోని మాత్రం మొత్తం కొత్తగ మొదలైతది. కొందరికి ఇక్కడనే సగం తేలికైతది.

అయినా స్లోనే ఉంటే, ఆన్ అయినంక ఐదు నిమిషాలు ఆగి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కలిపి నొక్కుండ్రి. టాస్క్ మేనేజర్ వస్తది. అండ్ల సీపీయూ (పని చేసే ప్రాసెసర్), మెమరీ, డిస్క్ అని కాలమ్స్ ఉంటయి, వాటి మీద పర్సెంట్ ఉంటది. మీరు ఏం పని చేయకుండ ఊకె కూసున్నప్పుడు ఏది 90 దాటి అక్కడనే నిలబడుతున్నదో చూడుండ్రి. జబ్బు అదే.

చెల్లెదాంట్ల సీపీయూ పన్నెండు, మెమరీ అరవై, డిస్క్ మాత్రం 100, దిగుతనే లేదు. పాత లాప్‌టాప్‌లల్ల నేను ఎక్కువగ చూసింది ఇదే. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌ల డిస్క్ మీద నొక్కితే హెచ్‌డీడీనా ఎస్ఎస్‌డీనా అని చూపిస్తది. హెచ్‌డీడీ అంటే లోపల నిజంగనే ఒక పళ్లెం తిరుగుతది, లాప్‌టాప్‌లల్ల ఎక్కువ వాటికి నిమిషానికి 5400 చుట్లు, దాని మీద ఒక ముల్లు అటూ ఇటూ ఉరికి చదవాలె. పెద్ద సినిమా ఫైల్ కాపీ చేస్తే సెకనుకు 100 ఎంబీ దాక వస్తది గని, విండోస్ లేచేటప్పుడు కావాల్సినయి వేల చిన్న చిన్న ఫైళ్లు, ఒక్కోటి ఒక్కో మూలన, అప్పుడు సెకనుకు ఒక ఎంబీ వచ్చుడు కూడా కష్టమే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్ల బండ్లు వచ్చినప్పుడు చూసిన్రు కదా, లోపల కాంటాలు, హమాలీలు ఎంత మంది ఉంటే ఏంది, గేటు కాడ జాగ లేకుంటే లైన్ రోడ్డు మీదికి వస్తది. ఫార్మాట్ కొడితే బండ్లు తగ్గుతయి, అందుకే పది రోజులు మంచిగుంటది, గేటు, అంటే ఆ డిస్క్, మాత్రం అదే కదా.

దీనికి మందు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండ చిప్‌లల్లనే డేటా దాచే డిస్క్. మామూలు సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ దాక చదువుతది, చిన్న ఫైళ్లకైతే తేడా ఇంకా ఎన్నో రెట్లు. కొనే ముందు మీ మోడల్ నంబర్ పట్టుకొని ఏది పడుతదో చూస్కోండ్రి, పాతవాటికి 2.5 ఇంచుల సాటా, కొన్నిటికి సన్నపు ఎం.2 స్లాట్ ఉంటది, ఆ ఎం.2ల మళ్ల సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు వేరే వేరే రకాలు, చూడనీకె ఒక్క తీరుగనే ఉంటయి గని ఒకదాని జాగల ఇంకోటి పని చేయకపోవచ్చు.

మార్చే ముందు ఇంకో రెండు పనులు తప్పకుండ చేయుండ్రి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటది, అది పాత డిస్క్ ఆరోగ్యం చెప్తది. గుడ్ అని వస్తే సరే, కాషన్ అని పసుపు రంగుల వచ్చినా, డిస్క్ టక్ టక్ మని చప్పుడు చేసినా అన్ని పనులు ఆపి ముందుగాల ఫోటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్ట్ ఫైళ్లు వేరే దాంట్లకు కాపీ చేస్కోండ్రి. రెండోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌ల డేటాకు విండోస్ వేసే తాళం, కొన్ని లాప్‌టాప్‌లల్ల మనకు తెల్వకుండనే ఆన్ అయి ఉంటది, దాని 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల ఉన్నదో లేదో చూసి కాయితం మీద రాసి పెట్టుకోండ్రి, అది లేకుంటే మీ డేటా మీకే తెరుచుకోదు.

మెమరీ కాలమ్ నిండితే అది ర్యామ్ సంగతి, నడుస్తున్న ప్రోగ్రాములు కూసునే జాగ అది. 4 జీబీ ఉన్నదాంట్ల క్రోమ్‌ల పది ట్యాబ్‌లు, వాట్సాప్, జూమ్ క్లాసు పెడితే ఏడ నడుస్తది. ర్యామ్ చాలకుంటే విండోస్ డిస్క్‌నే ర్యామ్ లెక్క వాడుకుంటది, అందుకే మెమరీ, డిస్క్ రెండు కాలమ్స్ ఒకేసారి నిండితే ముందుగాల మెమరీనే అనుమానించుండ్రి. పర్ఫార్మెన్స్‌ల మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు వాడుతున్నరో కనపడుతది. డీడీఆర్3 దాంట్ల డీడీఆర్4 పట్టదు, గాటు జాగనే వేరు. కొన్ని సన్నటి మోడళ్లల్ల ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటది, వాటికి పెంచనీకె రాదు, అడిగి తెల్సుకొనే పైసలు పెట్టుండ్రి.

సీపీయూ కత వేరే. వేడి పెరిగితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోనీకె స్పీడ్ తగ్గించుకుంటది. మన దగ్గర మే నెలల ఎండ 44 దాక పోతది, ఆ ఎండల బొంత మీద పెట్టి వాడితే కిందికెళ్లి గాలి ఏడికెళ్లి వస్తది చెప్పుండ్రి. జిన్నింగ్ మిల్లుల లెక్కలు రాసే మా దోస్తు లాప్‌టాప్ ఇప్పి చూస్తే ఫ్యాన్ ముంగట దూది బట్ట నేసినట్టు పరుచుకొని ఉండె, గాలి పోయే సందే లేదు. రామగుండం దిక్కు బొగ్గు దుమ్ము, కరీంనగర్ దిక్కు గ్రానైట్ దుమ్ము, అందరికీ ఏదో ఒకటి ఉన్నది. దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలుతోని పట్టుకోండ్రి, లేకుంటే గాలికి గిర్రున తిరిగి పాడైతది. నాలుగైదేండ్ల పాతదైతే ప్రాసెసర్ వేడిని బయటికి పంపనీకె పూసే థర్మల్ పేస్ట్ కూడా మార్పించుండ్రి.

ఇంకోటి చానామందికి తెల్వదు. పెద్దపల్లి నుంచి మా బామ్మర్ది తెచ్చిన లాప్‌టాప్‌ల ర్యామ్ ఉన్నది, ఎస్ఎస్‌డీ ఉన్నది, అయినా మౌస్ కదులుతలేదు. సీపీయూ స్పీడ్ చూస్తే 0.39 గిగాహెర్ట్జ్ కాడ కూసున్నది. చార్జర్ తీసిన, లేచింది. ఒరిజినల్ చార్జర్ పోతే డూప్లికేట్ కొన్నడట, కొన్ని లాప్‌టాప్‌లు తనకు తెల్వని చార్జర్ పెడితే స్పీడ్‌ను అట్ల తొక్కిపెడుతయి. సరైన వాట్లది పెట్టినం, అయిపోయింది.

మిగిలినయి చిన్నయి. టాస్క్ మేనేజర్‌ల స్టార్టప్ ట్యాబ్‌కు పోయి అవసరం లేనియి డిసేబుల్ చేయుండ్రి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయుండ్రి, విండోస్‌తోని వచ్చే డిఫెండర్ మామూలు వాడకానికి సరిపోతది. సీ డ్రైవ్ అంచుల దాక నింపకుండ్రి. క్రాక్ (దొంగ కాపీ) సాఫ్ట్‌వేర్ వేసి ఉంటే అండ్లకెళ్లే ఏదన్నా దూరి సీపీయూ తింటుండొచ్చు, ఫుల్ స్కాన్ పెట్టుండ్రి.

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోని ఆగిపోయింది. 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలె, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటది. పాతదాంట్ల బలవంతంగ 11 వేసుకుంటే ఇంకా ఇబ్బంది, బ్రౌజింగ్, క్లాసులు, దరఖాస్తులే పని అయితే విండోస్ జాగల ఫ్రీగ దొరికే లినక్స్ మింట్ వేసి చూడుండ్రి.

షాపుకు ఇయ్యక తప్పకుంటే డేటా కాపీ తీసినంకనే ఇయ్యుండ్రి, ర్యామ్, డిస్క్ ఎంత సైజు ఉన్నదో టాస్క్ మేనేజర్‌ల ఫోన్‌తోని ఫోటో కొట్టి పెట్టుకోండ్రి, వచ్చినంక ఆ ఫోటోతోని పోల్చి చూస్కోండ్రి.

చెల్లె లాప్‌టాప్ ఇప్పుడు అరనిమిషం లోపట లేస్తది. పాత డిస్క్ ఆరోగ్యం మంచిగనే ఉండె, దాన్ని యూఎస్‌బీ కేస్‌ల పెట్టి ఆమెకే ఇచ్చిన, బ్యాకప్‌కు పనికొస్తదని. పాప ఫోటోలు మా అమ్మ ఫోన్‌ల వాట్సాప్‌కు పంపినయి ఒక పదకొండు దొరికినయి, ఆ డిస్క్‌ల మొదలు ఎక్కినయి అవే.