విదేశాలకు వెళ్తున్నారా? బాటిల్ సరే, గ్లాసు చూడండి

డిసెంబరు సెలవులకు టికెట్లు బుక్ చేసుకున్నవాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. వీసాకి ఎన్ని రోజులు పడుతుంది, డబ్బు ఇక్కడే మార్చుకోవాలా, అక్కడ పెరుగన్నం దొరుకుతుందా, ఇవే ప్రశ్నలు. తాగేదాని గురించి ఒక్కరూ అడగరు. నేనే ఎత్తితే "మేం బాటిల్ వాటరే తాగుతాం లెండి" అని కొట్టిపారేస్తారు. నాకు టెన్షన్ మొదలయ్యేది ఆ మాట దగ్గరే.

2025 ఆగస్టులో కువైట్ వార్త చదివే ఉంటారు. మెథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన దొంగసారా తాగి 160 మంది ఆస్పత్రి పాలయ్యారు, 23 మంది చనిపోయారు, కొందరి చూపు పోయింది. ఎక్కువమంది ఆసియా దేశాల నుంచి వెళ్ళినవాళ్ళే. గల్ఫ్‌లో తమవాళ్ళు ఉన్న ఏ ఇంటికైనా అది పక్కింటి వార్త. అంతకుముందు 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో ఆరుగురు టూరిస్టులు పోయారు. వాళ్ళలో ఇద్దరు ఆస్ట్రేలియా అమ్మాయిలు, 19 ఏళ్ళ పిల్లలు. అక్కడా మెథనాలే అన్నారు.

ఇదంతా మందుబాబుల గొడవ, మాకెందుకు అనుకోకండి. చెరుకు రసంతో పడిపోయినవాళ్ళనే నేను ఎక్కువ చూశాను.

హైదరాబాద్ నుంచి గ్రూపులు తీసుకెళ్ళడం నా పని, 14 ఏళ్ళుగా. ఇన్నేళ్ళలో మనవాళ్ళు చేసే తప్పు ఒక్కటే: బాటిల్ చూస్తారు, గ్లాసు చూడరు. నీళ్ళ బాటిల్ సీలు పది సార్లు తిప్పి చూసినవాళ్ళే, పక్కనే గ్లాసులో ఏం కలుపుతున్నారో చూడకుండా గటగటా తాగేస్తారు.

ఐస్

ఒకసారి వియత్నాంలోని హనోయ్‌లో మా గ్రూపులో వనస్థలిపురం నుంచి ఒక పిన్నిగారు. ఎంత జాగ్రత్త అంటే, పళ్ళు తోముకోవడానికి కూడా బాటిల్ నీళ్ళే. మూడో రోజు ఎండకి అల్లాడుతుంటే రోడ్డు పక్కన చెరుకు రసం బండి కనిపించింది. అక్కడ అందులో చిన్న నారింజ లాంటి పుల్లటి కాయ వేసి తిప్పుతారు, భలే ఉంటుంది. "మన దగ్గరా తాగుతాంగా" అన్నారు. రసం మా ముందే తీశాడు. ఐస్ ఎక్కడిదో నేను ఆ తర్వాత చూశాను. బండి కింద తడి గోనె సంచి, దాని మీద ఐసు గడ్డ, పక్కన సుత్తి. ముక్కలు కొట్టి, కింద పడ్డవి కూడా చేత్తో ఎత్తి గ్లాసులో వేస్తున్నాడు. అప్పటికి ఆవిడ రెండో గ్లాసు మీద ఉన్నారు. నేను నోరు తెరిచి చెప్పలేదు. ఆ తప్పు నాదే.

రాత్రి రెండింటికి నా గది తలుపు కొట్టారు వాళ్ళాయన. తెల్లారేసరికి సెలైన్. మిగతావాళ్ళు హాలాంగ్ బే పడవలో తిరుగుతుంటే ఆ దంపతులు ఆస్పత్రి గోడలు చూస్తూ కూర్చున్నారు.

గడ్డ కట్టినంత మాత్రాన క్రిములు చావవు, నిద్రపోతాయంతే. గ్లాసులో ఐస్ కరగగానే లేస్తాయి. విస్కీలో వేస్తే చచ్చిపోతాయనేది మగవాళ్ళ పురాణం, దాన్ని నమ్మకండి. థాయ్‌లాండ్‌లో మధ్యలో బొక్క ఉన్న నున్నటి గొట్టాల ఐస్ కనిపిస్తుంది. అది ఫ్యాక్టరీలో చేసింది, కొంత నయం. చితక్కొట్టిన ఐస్ అయితే ముట్టుకోకండి. ఏదో తేల్చుకోలేకపోతే అసలు వద్దనండి. థాయ్‌లో "మై సై నమ్ ఖెంగ్", వియత్నాంలో "ఖోమ్ డా", బాలిలో "తన్పా ఎస్". పలకడం రాకపోతే ఫోన్‌లో రాసి చూపించండి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. తెచ్చాక ఐస్ తీసి పారేస్తే లాభం లేదు, కరిగింది కరిగిపోయింది.

"బండి మీద పానీపూరీ తిని అరిగించుకునే కడుపు నాది" అనేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు. మీ కడుపు మలక్‌పేట క్రిములకు అలవాటు పడిందండీ. హనోయ్ క్రిములు వేరు.

మందు

నాలుగేళ్ళ కింద బాలిలో మేం దిగిన హోటల్లోనే నలుగురు కుర్రాళ్ళు ఉన్నారు, మన కొండాపూర్ పిల్లలే. తెలుగు వినపడి పలకరించాను. ముందురోజు రాత్రి ఎక్కడో "ఫ్రీ షాట్స్" ఇచ్చారట. ఒకడు మంచం మీద పడుకుని ఉన్నాడు. "ఎక్కువైంది అన్నా, పడుకుంటే దిగుతది" అన్నారు దోస్తులు. పడుకున్నవాడు నా వైపు తిరిగి, "అన్నా, లైటెయ్యవా, అంతా పొగ పొగగా కొడ్తుంది" అన్నాడు.

టైం మధ్యాహ్నం పన్నెండు. కర్టెన్లు తీసే ఉన్నాయి.

పావుగంటలో ఆస్పత్రికి చేర్చాం. డయాలిసిస్ చేశారు. ప్రాణం దక్కింది, ఒక కన్ను మాత్రం ఇప్పటికీ మసకే.

మెథనాల్‌కి రంగు, వాసన, రుచి మామూలు మందుకున్నట్టే ఉంటాయి. 30 మిల్లీలీటర్లు ప్రాణం తీయగలవు, చూపు పోవడానికి అంత కూడా అక్కర్లేదు. లివర్ దాన్ని ఫార్మిక్ యాసిడ్‌గా మారుస్తుంది. కొన్ని చీమలు కుట్టినప్పుడు మంట పుట్టించేది అదే. అది కంటి నరాన్ని కాల్చేస్తుంది. కానీ దీనికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. కాబట్టి రాత్రి అందరూ బాగానే ఉంటారు. పొద్దున తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి వస్తే హ్యాంగోవర్ అనుకుని దుప్పటి కప్పుకుంటారు. మందు నిషేధం ఉన్న దేశమైతే పోలీసుల భయం ఒకటి, ఇంకో నాలుగు గంటలు గదిలోనే గడిపేస్తారు. దీనికి విరుగుడు ఉంది, అది ఆస్పత్రిలోనే ఉంది. చూపు మసకైనా, ఊపిరి ఆయాసంగా ఉన్నా అది హ్యాంగోవర్ కాదు. లేపి తీసుకెళ్ళండి. ఏం తాగారో డాక్టరుకి దాచకుండా చెప్పండి.

2025 జూలైలో మన కూకట్‌పల్లిలోనే కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. సొంత ఊళ్ళో, సొంత భాషలో కల్తీని పట్టుకోలేకపోయాం. భాష రాని చోట, చీకట్లో, పాటల హోరులో ఎవరో పోసిన గ్లాసులో ఎట్లా పట్టుకుంటారు? కాబట్టి బకెట్లలో కలిపేవి, జగ్గుల్లో తెచ్చేవి, ఉచితంగా పోసేవి, ఇంట్లో కాచినవి ముట్టొద్దు. బాలి నాటుసారా అరక్ రుచి చూడకపోతే జీవితం వృథా కాదు. తాగి తీరాలంటే సీలున్న బీరు, మీ ముందు మూత తీసింది. గ్లాసు కూడా వద్దు, డబ్బాతోనే తాగండి.

పశ్చిమ యూరప్, సింగపూర్ వెళ్ళేవాళ్ళకి ఇంత భయం అక్కర్లేదు. కుళాయి నీళ్ళు హాయిగా తాగొచ్చు. రోమ్‌లో వీధి కుళాయిల్లో నిరంతరం మంచినీళ్ళు పారుతుంటే, మనవాళ్ళు పక్కనే యూరోలు పోసి బాటిళ్ళు కొంటారు. ఇటలీలో "నాన్ పొటాబిలే", జర్మనీలో "కైన్ ట్రింక్‌వాసర్" అని బోర్డుంటే మాత్రం ఆ కుళాయి తాగడానికి కాదు. రైలు బాత్రూం కుళాయి ఏ దేశంలోనూ తాగొద్దు. విమానంలోదీ అంతే.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

నీళ్ళ బాటిల్ మూత తిప్పగానే సీలు తెగిన చప్పుడు వినపడాలి. మీరు కూర్చోకముందే టేబుల్ మీద పెట్టి ఉన్న బాటిల్ వద్దు.

గదిలో కెటిల్ ఉంటే వాడుకోండి. నీళ్ళు కుతకుత మరుగుతూ ఒక నిమిషం ఉండాలి. కెటిల్ టక్‌మని ఆగిపోతే మళ్ళీ నొక్కండి. నేపాల్‌లో కొండల మీది ముక్తినాథ్ వెళ్ళేవాళ్ళు మూడు నిమిషాలు మరిగించాలి. 2,000 మీటర్లు దాటితే నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, ముక్తినాథ్ 3,700 దాటే ఉంది.

స్నానం చేసేటప్పుడు నోరు మూసుకోండి. పిల్లలకి ముఖ్యంగా చెప్పండి.

కొబ్బరి బోండాం మీ ముందు కొట్టించుకోండి. గ్లాసులో పోసి పెట్టింది వద్దు.

వేడి టీ, వేడి కాఫీ తాగండి. గోరువెచ్చగా ఉంటే వెనక్కి పంపండి.

హోటల్ బ్రేక్‌ఫాస్ట్‌లో జ్యూస్ జగ్గు చూసి మోసపోకండి. స్టార్లు ఎన్ని ఉన్నా జగ్గు జగ్గే.

మీ గ్లాసు టేబుల్ మీద వదిలి ఫొటోలకి వెళ్ళొద్దు. వెళ్ళారా, తిరిగొచ్చాక అది పారబోయండి. డబ్బులు పోతే పోనీ.

ఆడపిల్లలకే కాదు ఈ మాట, మగపిల్లలకీ చెప్పండి.

టైఫాయిడ్ టీకా వేయించుకోవాలంటే ప్రయాణానికి రెండు వారాల ముందే. శంషాబాద్ దారిలో గుర్తొస్తే లాభం లేదు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు మనిషికి నాలుగు, చేతి సంచిలో పెట్టుకోండి, చెకిన్ బ్యాగులో వద్దు. పెద్ద ప్యాకెట్‌కి లీటరు నీళ్ళు, చిన్నదైతే దాని మీద రాసినన్ని. చిన్న బాటిల్లో మొత్తం కుమ్మరించొద్దు, వికటిస్తుంది. డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కావు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని తేల్చింది.

మోషన్స్‌లో రక్తం పడినా, జ్వరం ఉన్నా, ఆపే మాత్ర వేసుకోవద్దు. డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫోన్ నంబరు కాగితం మీద రాసుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయేది అప్పుడే.

ఐస్ వద్దు. మళ్ళీ చెప్తున్నా, ఐస్ వద్దు. వెయిటర్ నవ్వినా, వియ్యంకుడు వెక్కిరించినా వద్దు.

గ్లాసు చూడండి.

ఇంటికొచ్చాక మూడు వారాల్లోపు జ్వరం వస్తే, ఏ దేశం వెళ్ళొచ్చారో, అక్కడ ఏం తాగారో డాక్టరుకి ముందే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.