ప్లాట్ (డ్రాయింగ్ ప్రింట్) తీసే ముందు: ఆటోక్యాడ్ టెక్స్ట్ జాగ్రత్తలు

ఆటోక్యాడ్‌లో గీసిన డ్రాయింగ్‌లో కొలతల అంకెలు ఎవరైనా చేత్తో మార్చారేమో ముందు చూడండి. అలా మారిస్తే, తర్వాత గోడ జరిపినా ఆ అంకె మారదు. సైట్లో మేస్త్రీ దాన్నే నమ్మి కట్టేస్తాడు. ప్రాపర్టీస్‌లో 'టెక్స్ట్ ఓవర్‌రైడ్' గడి ఖాళీగా ఉండాలి. ఏదైనా అంకె ఉంటే తుడిచేయండి, అసలు కొలత తిరిగొస్తుంది.

మోడల్ స్పేస్‌లో (అసలు సైజులో గీసే చోట) మామూలు టెక్స్ట్ రాస్తే: 1:100 ప్లాట్‌లో అక్షరం 2.5 మి.మీ. రావాలంటే, మిల్లీమీటర్లలో గీస్తే ఎత్తు 250. మీటర్లలో గీస్తే 0.25.

టెక్స్ట్ స్టైల్‌లో ఎత్తు 0 ఉంచండి. అక్కడ అంకె ఉంటే డైమెన్షన్ స్టైల్‌లో (కొలతల సెట్టింగుల్లో) ఎత్తు ఎంత మార్చినా కొలతల అక్షరం పెరగదు. కారణం దొరక్క పూటంతా పోతుంది.

తెలుగు నోట్స్‌కు గౌతమి లాంటి ట్రూటైప్ ఫాంటే వాడండి. ఆటోక్యాడ్ సొంత ఫాంటు సింప్లెక్స్‌లో తెలుగు అక్షరాలు లేవు.

డెఫ్‌పాయింట్స్ లేయర్‌లో (కొలతలు పెట్టినప్పుడు ఆటోక్యాడ్ తానే చేసుకునే లేయర్) టెక్స్ట్ వద్దు. తెరమీద కనిపిస్తుంది, ప్లాట్‌లో రాదు.