ఇనుప కుర్చీకి వేసిన రంగు ఊడుతోందా? ముందు పెచ్చు తిరగేయండి

పాత కుర్చీకో బీరువాకో ఇంట్లోనే రంగు వేశారు, కొన్ని నెలలకే ఊడుతోంది. ఏ కంపెనీ రంగు మంచిదని అడిగే ముందు ఊడిన పెచ్చు ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడండి. ఈ చిన్న పని చేసి అడిగేవాళ్లు ఎంత తక్కువో!

వెనక ఎర్రటి పొడి ఉంటే: తుప్పు పూర్తిగా పోలేదు. మెరిసే లోహం కనపడేదాకా వైర్ బ్రష్‌తో గీకి, అదే రోజు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేయండి. గొట్టం కాళ్లయితే అడుగు బుష్‌లు పీకి చూడండి. లోపల నీళ్లు నిలిస్తే పైన ఎంత గీకినా దండగే.

పాత రంగు కూడా ఊడొస్తే: పట్టు వదిలిన పూత మీదే కొత్తది వేశారు. గీకి మళ్లీ వేయాల్సిందే.

వెనక శుభ్రంగా, నున్నగా ఉండి, కింద బూడిదరంగు లోహం కనిపిస్తే: అందరూ జిడ్డు అనుకునేది ఇక్కడే. జిడ్డయితే మచ్చలు మచ్చలుగా ఊడుతుంది. చాకుతో అంచు లేపగానే రంగు టేపులా పొడుగ్గా వచ్చేస్తుంటే మాత్రం జీఐని అనుమానించండి, అంటే ఇనుము మీద జింక్ పూత. ఇనుముకు మామూలుగా వేసే నూనె రంగు, అంటే ఆయిల్ ఎనామెల్‌లోని నూనె ఆమ్లాలు తేమ తోడైతే జింక్‌తో కలిసి, రంగు కింద సబ్బు లాంటి పొరగా మారతాయి, దాంతో రంగు పట్టు వదులుతుంది. వేసిన కొత్తలో రంగు గట్టిగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అయస్కాంతంతో తేలదు, లోపల ఉన్నది ఇనుమే కదా. రంగు తగలని అడుగు భాగంలో పువ్వుల్లాంటి మెరుపు మరకలో, తెల్లటి పొడో ఉందేమో చూడండి.

జీఐ అని తేలితే రంగంతా తీసేయాలి, గట్టిగా ఉన్నట్టు కనిపించే చోట కూడా. మంటతో కాల్చొద్దు, జింక్ పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు, అందుకే మాస్క్ పెట్టుకుని, తడిపి రుద్దండి. డిటర్జెంట్‌తో కడిగి ఆరబెట్టి, 220 నంబరు ఎమరీ కాగితంతో మెరుపు చచ్చేంత మాత్రమే రుద్దండి. జింక్ పోయేదాకా రుద్దితే తుప్పుకు మీరే తలుపు తీసినట్టు. తర్వాత జీఐకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే రకం) గానీ టూ-ప్యాక్ (రెండు డబ్బాలు కలిపి వేసే) ఎపాక్సీ ప్రైమర్ గానీ వేయండి. చేతిలో ఉంది కదా అని మామూలు రెడ్ ఆక్సైడ్ పూయకండి, అదీ ఎక్కువగా నూనె రకమే. ప్రైమర్ డబ్బా మీద చెప్పినంత సేపు ఆరాకే పై కోటు.

ముడతలు పడితే మొదటి కోటు ఆరకముందే రెండోది వేశారన్నమాట. చిన్న చిన్న గుంటలు పడితే ఏదో సిలికాన్ పాలిష్ తగిలింది, ఆ రంగు తీసేసి, పాలిష్ పూర్తిగా పోయేలా శుభ్రం చేసి మళ్లీ వేయండి. రంగు డబ్బాయే చెడ్డదవడం చాలా అరుదు, దాన్ని ఆఖరికి పెట్టుకోండి.